సోల్ఫెరీనో 1859: చిన్న పెట్టెలో పెద్ద యుద్ధం, మధ్యలో గడియారం చూసి పడే వాన

నమస్కారమండీ. ముందుగా ఒక మాట. ఈ 'సోల్ఫెరీనో 1859' అనే బల్లమీద ఆడే యుద్ధపు ఆటను ప్రచురణ సంస్థవాళ్ళే ఉచితంగా పంపారు. డబ్బేమీ ఇవ్వలేదు, వీడియోను ముందుగా చూపించమనీ అడగలేదు. చూపించి ఉంటే ఆ వాన సంగతి దగ్గర కాస్త ఇబ్బంది పడేవారేమో.

పెట్టెలో ఏమేమున్నాయో మీరు ఈపాటికి వేరే ఛానళ్ళలో చూసే ఉంటారు. ఒక మ్యాప్, అట్ట బిళ్ళలు, పాచికలు, పలచని రూల్ బుక్కు, అంతే. సాయంత్రం మొదలుపెడితే రాత్రి భోజనాల వేళకు తేలిపోతుంది. ఇదివరకు ఇక్కడే చూపించిన వాటర్లూ ఆట గుర్తుందా? బిళ్ళలు సర్దేసరికే ఆదివారం గడిచిపోయేది, ఆడటానికి ఇంకో ఆదివారం వెతుక్కోవాలి. అది ఇప్పుడు అటకమీద ఉంది.

సరే, కథ. 1859 జూన్ 24, ఉత్తర ఇటలీలో గార్డా సరస్సుకు దక్షిణాన, సోల్ఫెరీనో ఊరి చుట్టూ ఉన్న గుట్టలు. ఒకవైపు ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియన్, ఆయనకు తోడుగా ఇటలీ వాయవ్యాన ఉన్న పీడ్‌మాంట్ రాజ్యపు రాజు విక్టర్ ఇమాన్యుయేల్. ఎదురుగా 28 ఏళ్ళ ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్. రెండు పక్షాలూ కలిపి రెండు లక్షలకు పైగా సైనికులు. ఇంతమంది ఉన్నా, ఆ రోజు అంత యుద్ధం ఉంటుందని ఎవరూ అనుకోలేదు! మించియో నది దాటి వెనక్కి వెళ్ళిన ఆస్ట్రియా సైన్యం ముందు రోజే మళ్ళీ ఇవతలికి వచ్చేసింది. ఆ సంగతి తెలియక, ఇవతల కొద్దిమందే మిగిలి ఉంటారన్న ధీమాతో ఫ్రెంచివాళ్ళు తెల్లవారుజామునే బయల్దేరారు. నేరుగా వెళ్ళి గుద్దుకున్నారు.

ఈ గుద్దుకోవడాన్ని ఆటలోకి ఎలా తెచ్చారో చూడండి. ఇదిగో, ఈ గిన్నె. ఒక్కో దళానికి ఒక్కో చీటీ. అన్నీ గిన్నెలో వేసి కలిపి, కళ్ళు మూసుకుని ఒకటి తీయాలి. ఎవరి చీటీ వస్తే ఆ దళమే కదులుతుంది. వీటిలో ఒక నల్ల చీటీ ఉంది. అది బయటికొచ్చిందంటే ఆ గంట వంతు అక్కడితో సరి, గిన్నెలో మిగిలినవాళ్ళు ఉన్నచోటే నిలబడాలి. మీరు ఎంత గొప్ప పథకమైనా వేసుకోండి, మీ రెండో డివిజన్ వస్తుందో రాదో మీ చేతిలో లేదు.

సాన్ మార్టీనో గుట్ట దగ్గర ఇది ఎంత బాగా పనిచేస్తుందో చెప్పాలి. గుట్టమీద ఆస్ట్రియా సేనాని బెనెడెక్ ఉంటాడు. కింద నుంచి పీడ్‌మాంట్ దళాలు ఎక్కాలి. మా బావమరిది పీడ్‌మాంట్ ఆడుతున్నాడు. మొదటి డివిజన్ ఎక్కింది, దొర్లుకుంటూ దిగింది. రెండోదాని చీటీ రావాలి, నల్లది వచ్చింది. మరుసటి గంట బెనెడెక్ చీటీ ముందు పడింది, ఆయన కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. అసలు యుద్ధంలోనూ అచ్చం ఇదే వరస. పీడ్‌మాంట్ దళాలు ఒకదాని వెనక ఒకటి విడివిడిగా వచ్చాయి, వచ్చినవి వచ్చినట్టే వెనక్కి తిరిగాయి. బెనెడెక్ చాలాసేపు ఆ గుట్ట వదల్లేదు. రూల్ బుక్కులో దీనికోసం ప్రత్యేకమైన నిబంధన ఒక్కటీ లేదు. గిన్నే చూసుకుంది!

ఫిరంగులూ బాగానే కుదిరాయి. ఫ్రెంచివాళ్ళ కొత్త మరగొట్టాల (గొట్టం లోపల మెలిగాళ్ళు చెక్కిన) ఫిరంగి ఒక గడి ఎక్కువ దూరం కొడుతుంది. చరిత్రలోనూ దాని దెబ్బ ఆస్ట్రియా పాత ఫిరంగుల కంటే దూరం వెళ్ళేది.

ఇక చిరాకులు. ఆస్ట్రియా బిళ్ళలు తెలుపు. తెల్లకోటు సైనికులు కాబట్టి తెలుపే ఉండాలి, ఒప్పుకుంటాను. మరి వాటిమీద అంకెలు లేత బూడిదరంగులో ఎందుకండీ? ట్యూబులైటు కింద భూతద్దం పెట్టుకోవాల్సి వచ్చింది. పైగా అట్ట ఎంత పలచనంటే, ఫ్యాన్ వేయగానే రెండు రెజిమెంట్లు సోఫా కిందికి పోయాయి. ఫ్యాన్ ఆపి, చెమటలు కక్కుతూ ఆడాం.

ఇవి సర్దుకుపోవచ్చు. వాన మాత్రం కాదు. ఆ రోజు సాయంత్రం దుమ్ము రేపుతూ పెద్ద గాలివాన వచ్చింది, దాని చాటున ఆస్ట్రియా సైన్యం తప్పుకుంది. ఆటలో ఆ వాన ఎప్పుడు పడుతుందో మ్యాపు అంచున అచ్చువేసి పెట్టారు! ఐదు గంటలకు. దాంతో ఆస్ట్రియా ఆడేవాడు నాలుగింటి నుంచే మించియో వంతెనల వైపు జరుగుతూ కాలక్షేపం చేస్తాడు. నేను చేసిందీ అదే. "బావా, వాన పడేదాకా కాఫీ తాగివస్తావా?" అన్నాడు మావాడు. అన్నిటినీ గిన్నెలో వేసినవాళ్ళకు వానను కూడా అందులోనే వేయాలని తోచలేదా? ఇప్పుడు మేం మూడు గంటల వంతు నుంచి ఒక నీలం చీటీ కలుపుతున్నాం. అది పడినప్పుడే వాన. ఆట మారిపోయింది, చివరి గంట దాకా ఇద్దరికీ గుండె దడే.

ఒక్క చిన్న విషయం. ఆ రోజు చనిపోయినవాళ్ళు, గాయపడినవాళ్ళు, జాడ తెలియనివాళ్ళు కలిపి సుమారు 40 వేల మంది. గాయపడినవాళ్ళ అవస్థను జెనీవా వ్యాపారి ఆన్రీ డ్యూనాఁ కళ్ళారా చూసి 1862లో పుస్తకం రాశాడు. మరుసటి ఏడాది రెడ్‌క్రాస్‌కు పునాది పడింది. మన ఊళ్ళలో రెడ్‌క్రాస్ రక్తనిధి బోర్డు చూస్తుంటాం కదా, దాని మొదలు ఈ మ్యాపులోనే ఉంది. రూల్ బుక్కులో మాత్రం ఆ ఊసే లేదు. ఒక పేజీ కేటాయించాల్సింది.

కొనవచ్చా? కొనండి. అంకెల రంగు మీద ఎంత విసుక్కున్నా, ఆ గిన్నె కోసం కొనండి. నీలం చీటీ మీరే కత్తిరించుకోండి, పెట్టె మూత అట్ట సరిపోతుంది. ప్రచురణకర్తలు చూస్తుంటే ఒక విన్నపం: ఇదే పద్ధతిలో 1860 అక్టోబరు నాటి వోల్టుర్నో యుద్ధం, ఇటలీ ఏకీకరణ వీరుడు గరిబాల్డీ ఎర్రచొక్కాల సేనతో, చేయండి. అంకెలు నల్ల సిరాతో వేయండి.