గడ్డి కొంటున్నామా, నీళ్లు కొంటున్నామా?

[తెల్లవారుజాము. పాల కేంద్రం. క్యాన్ల వరుస. మిషన్‌లో శాంపిల్ పెడుతున్న చేతులు, దగ్గరగా.]

వెన్న 6.2. ఎస్ఎన్ఎఫ్, అంటే వెన్న పోగా మిగిలే ఘనపదార్థాలు, 8.7. స్లిప్ చేతికొచ్చింది. ఒక్క పాయింట్ తగ్గినా లీటరు రేటు తగ్గుతుంది కాబట్టి, ఆ స్లిప్పును బ్యాంకు పాస్‌బుక్కు కన్నా శ్రద్ధగా చూస్తాం. పాలకు రోజూ రెండు పూటలా పరీక్ష. మరి ఆ పాలిచ్చే గేదె తినే గడ్డికి? గేదెను కొన్న రోజు నుంచి ఇవాళ్టి దాకా ఒక్కటీ లేదు.

ఇవాళ ఆ పని చేద్దాం. మొదటి పరీక్షకు ల్యాబ్ కూడా అక్కర్లేదు.

[వంటగది. చిన్న డిజిటల్ కాటా. పళ్లెంలో తరిగిన పచ్చగడ్డి.]

ఇది పొద్దున కోసిన సూపర్ నేపియర్. చాఫ్ కట్టర్‌లో ముక్కలు కొట్టించాను. కాటా మీద ఖాళీ పళ్లెం పెట్టి, సున్నా చేసి, సరిగ్గా 100 గ్రాములు తూచాను. ఇప్పుడు మైక్రోవేవ్‌లో పెడుతున్నా. పక్కన సగం గ్లాసు నీళ్లు కూడా పెట్టాలి, లేకపోతే చివర్లో గడ్డి అంటుకుంటుంది. మొదట రెండు నిమిషాలు. తీసి, కలిపి, తూచాలి. మళ్లీ ఒక నిమిషం, మళ్లీ తూకం. ఆ తర్వాత అర నిమిషం చొప్పున. వరసగా రెండుసార్లు ఒకే తూకం వస్తే ఆపేయండి. ముక్కలు నల్లబడితే మాత్రం ఆ లెక్క చెల్లదు, మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే.

ఇంట్లో అడిగి చేయండి. ఆ వాసన అంత తొందరగా పోదు. మా ఇంట్లో రెండు రోజులు కాఫీ కూడా పశువుల పాక వాసనే కొట్టింది.

[కాటా మీద అంకె: 18.]

వంద పెడితే మిగిలింది 18 గ్రాములు. తక్కిన 82 నీళ్లే. ఈ మిగిలినదాన్ని ఎండు పదార్థం అంటారు. గేదెకు బలమిచ్చేదేదైనా ఇందులోనే ఉంటుంది. నీళ్లు దానికి తొట్టిలో ఊరికే దొరుకుతాయి కదా!

ఇప్పుడు లెక్క చూడండి. రోజుకు 25 కిలోల పచ్చగడ్డి వేస్తున్నామంటే అందులో ఎండు పదార్థం నాలుగున్నర కిలోలే. 500 కిలోల బరువుండి పాలిచ్చే గేదెకు రోజుకు కనీసం పన్నెండున్నర కిలోలు కావాలి. మోపులు మోపులు వేస్తున్నా డొక్కలు లోపలికి పోతున్నాయంటే కారణం ఇక్కడే వెతకాలి.

మైక్రోవేవ్ లేకపోతే ఎండలో రెండు మూడు రోజులు పలచగా ఆరబెట్టండి. ఎండలో ఎంత ఆరినా సుమారు పది శాతం తడి ఉండిపోతుంది. 28 గ్రాములు మిగిలితే 25గా లెక్కేసుకోండి.

[స్క్రీన్ మీద రెండు సైలేజీ బేళ్లు. ఒకదాని మీద 7 రూపాయలు, ఇంకోదాని మీద 8.]

పాతర గడ్డి, అంటే గాలి తగలకుండా ఊరబెట్టిన సైలేజీ, కొనేవాళ్లు ఇక్కడ కాస్త ఆగండి. మాటవరసకు ఒకాయన కిలో 7 రూపాయలంటాడు, ఇంకొకాయన 8 అంటాడు. ఏది చవక? తూచి చూస్తే మొదటిదాంట్లో ఎండు పదార్థం 25 శాతం, రెండోదాంట్లో 33. అంటే మొదటిది కిలో ఎండు పదార్థం 28 రూపాయలు, రెండోది 24 చిల్లర. బేరమాడి తెచ్చుకున్నదే ఖరీదైంది! సైలేజీలో 30 నుంచి 35 శాతం ఎండు పదార్థం ఉంటే బాగున్నట్టు. బూజు కనిపిస్తే ఇక లెక్కలెందుకు, వెనక్కి పంపేయండి. బూజులో ఉండే విషం పాలలోకీ దిగుతుంది.

[గడ్డివాము. చెయ్యి మోచేతి దాకా లోపలికి.]

ఇక ల్యాబ్ సంగతి. తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య విశ్వవిద్యాలయాల్లో పశు పోషణ విభాగాలున్నాయి. ముందు ఫోన్ చేసి ఫీజెంతో, ఎంత శాంపిల్ కావాలో కనుక్కోండి. అసలు తప్పు జరిగేది శాంపిల్ తీయడంలోనే. వాము పైపొర వానకు తడిసి, ఎండకు మాడి ఉంటుంది. ఎదురుగా కనిపించిన గుప్పెడు పీకి పంపితే దాని రిపోర్టే వస్తుంది, వాముది రాదు. చుట్టూ పది పన్నెండు చోట్ల, మోచేతి లోతు నుంచి గుప్పెడేసి తీయండి. పట్టా మీద పోసి, సన్నగా తరిగి, కలిపి, నాలుగు భాగాలు చేయండి. ఎదురెదురు భాగాలు రెండు తీసేయండి. మిగిలింది మళ్లీ కలిపి మళ్లీ నాలుగు. అర కిలో మిగిలాక కవర్లో కట్టి, ఏ గడ్డి, ఎప్పుడు కోసింది రాసి పంపండి.

[రిపోర్టు కాగితం, దగ్గరగా.]

రిపోర్టులో మొదట చూడాల్సింది ముడి ప్రొటీన్. ల్యాబ్ ప్రొటీన్‌ను నేరుగా కొలవదు. నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తుంది. నత్రజనిని కొలిచే ఈ పద్ధతి 1883లో డెన్మార్క్‌లో, కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ల్యాబ్‌లో యొహాన్ కెల్డాల్ అనే ఆయన కనిపెట్టింది. బీరు కోసం పుట్టిన లెక్క మన వాము దాకా వచ్చింది. కడుపులోని సూక్ష్మజీవులు సరిగ్గా పనిచేయాలంటే మేతలో కనీసం 7 శాతం ప్రొటీన్ ఉండాలి. వరిగడ్డిలో ఉండేది 3, 4. లూసర్న్ అనే పప్పుజాతి మేతలో 18కి అటూ ఇటూ ఉంటుంది.

రెండోది ఎన్‌డీఎఫ్. గడ్డిని డిటర్జెంట్ ద్రావణంలో గంటసేపు ఉడికిస్తే కరగకుండా మిగిలే పీచు ఇది. అవును, డిటర్జెంటే! ఈ అంకె పెరిగితే పొట్ట తొందరగా నిండుతుంది, పశువు తక్కువ తింటుంది. వరిగడ్డిలో ఇది 70కి అటూ ఇటూ. పక్కనే ఉండే ఏడీఎఫ్, అంటే ఆమ్లం కలిపిన డిటర్జెంట్‌లోనూ కరగని పీచు, ఎంత పెరిగితే అరుగుదల అంత తక్కువ.

మామూలుగా ఆకు మంచిది, కాడ మొరటు అంటాం. వరిలో అది తిరగబడుతుంది. ఆకులో సిలికా ఎక్కువ, అందుకే కాడే కాస్త మేలు. హార్వెస్టర్‌తో కోయించినప్పుడు ఆ కాడలో సగం మడిలోనే ఉండిపోతుంది.

జొన్న వేసినవాళ్లకు ఒక్క మాట. లేత జొన్న, వానల్లేక గిడసబారిన జొన్న, ప్రొటీన్ ఎంతున్నా పచ్చిగా మేపొద్దు. నాము, అంటే ఆ జొన్నలో ఉండే విషం, తగిలితే డాక్టరొచ్చే టైమ్ కూడా ఉండదు. పూత దాకా ఆగండి.

[నేల మీద పట్టా. వరిగడ్డి పొరలు. రోజ్‌క్యాన్‌తో నీళ్లు చల్లడం.]

వరిగడ్డి రిపోర్టులో ప్రొటీన్ మూడున్నర వచ్చిందనుకోండి. దాన్ని పెంచడానికి వంద కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరపొరకూ సమానంగా చల్లి, తొక్కి, గాలి పోకుండా కప్పేయండి. 21 రోజులు ముట్టుకోవద్దు. తీశాక ముక్కుకు తగిలే ఆ ఘాటు పోయేదాకా ఆరబెట్టి, మొదట కొద్దికొద్దిగా అలవాటు చేయండి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. యూరియా నీళ్ల బకెట్‌ను పశువుకు అందేచోట అస్సలు పెట్టొద్దు, తాగితే చస్తుంది.

తర్వాత ఆ గడ్డిలోంచి మళ్లీ పది పన్నెండు గుప్పెళ్లు తీసి ల్యాబ్‌కు పంపండి.

[రెండు రిపోర్టులు పక్కపక్కన. ఒకదాంట్లో 3.5, ఇంకోదాంట్లో 7. మీద పాల కేంద్రం స్లిప్.]