కూలికి తరుగుదల లేదు

సభకు నమస్కారం. గుంటూరు, తెనాలి, ఏలూరుల నుంచి తమ పాత కార్లను తామే నడుపుకుంటూ విజయవాడకు వచ్చిన మిత్రులకు, కాజ టోల్‌గేటు దాటాక బండి మొరాయించి ఇంకా దారిలోనే ఉన్న మన మిత్రుడికి కూడా నమస్కారం. ఆయన కోసం ఆటోనగర్ మెకానిక్ షెడ్ల నుంచి మనిషి బయలుదేరాడని ఇప్పుడే కబురు వచ్చింది కనుక నిశ్చింతగా మొదలుపెడతాను.

ఇక్కడ మాట్లాడుతున్న ప్రతి ఒక్కరూ తాము చేసిన ఉద్యోగం, చేయాలనుకున్న ఉద్యోగం, ప్రాణంగా చూసుకునే కారు, ఈ మూడింటి గురించే చెబుతున్నారు. బ్యాంకు మేనేజరుగా పనిచేసిన ఒకరు ర్యాలీ డ్రైవరు కావాలనుకున్నారట. మిర్చి వ్యాపారం చేసే మరొకరు విమానాల ఇంజన్లు విప్పాలనుకున్నారట. ఆర్టీసీలో డ్రైవరుగా పదవీ విరమణ చేసిన పెద్దాయన మాత్రం, తాను కోరుకున్న ఉద్యోగమే చేశానని ఒక్క ముక్కలో చెప్పి కూర్చున్నారు. ఆయనను చూస్తే నాకు కొంచెం కుళ్లు పుట్టిన మాట నిజం.

నేను కార్లకు రూపం గీయాలనుకున్నాను. నోటు పుస్తకాల వెనక పేజీల నిండా గీశాను కూడా. చివరకు దొరికింది రూపం చెడిపోయిన కార్లకు లెక్క కట్టే పని. ముప్పై ఏళ్లకు పైగా మోటారు బీమా సర్వేయరుగా పనిచేశాను. ప్రమాదం జరిగిన బండి షెడ్డుకు చేరాక, మరమ్మతుకు ఎంత అవుతుంది, అందులో బీమా కంపెనీ ఎంత ఇవ్వాలి, యజమాని ఎంత భరించాలి అని తేల్చి నివేదిక రాయడమే ఈ ఉద్యోగం. మరమ్మతు ఖర్చు బీమా పాలసీలో బండికి ప్రకటించిన విలువలో 75 శాతం దాటితే దాన్ని పూర్తి నష్టంగా రాయవలసి ఉంటుంది. కారును ప్రేమించేవాడికి ఇది డాక్టరు కావాలనుకుని పోస్టుమార్టం గదిలో స్థిరపడినట్టు ఉంటుంది.

ఈ పనిలో మా చేతిలో ఒక పట్టిక ఉంటుంది, దాన్ని తరుగుదల పట్టిక అంటాము. బండి వయసును బట్టి, మార్చే భాగం ధరలో ఎంత శాతం కోసి మిగతాది బీమా కంపెనీ ఇవ్వాలో అందులో ఉంటుంది. మార్చవలసిన లోహపు భాగం ఆరు నెలల లోపు కారుదైతే తరుగుదల లేదు. ఏడాది లోపైతే 5 శాతం, రెండేళ్ల లోపైతే 10 శాతం, అలా పెరుగుతూ అయిదేళ్లు దాటితే 40, పదేళ్లు దాటితే 50 దగ్గర ఆగిపోతుంది. రబ్బరుకు, ప్లాస్టిక్‌కు, టైర్లకు, బ్యాటరీకి వయసుతో నిమిత్తం లేదు, మొదటి రోజు నుంచే 50 శాతం. గాజుకు అసలు తరుగుదలే లేదు. పదకొండేళ్ల కారూ యాభై ఏళ్ల కారూ ఈ పట్టిక కంటికి ఒకటే. అయితే ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు గాని నా బుర్రకు ఎక్కని సంగతి ఒకటి ఇందులో ఉంది. పెయింటు సామగ్రికి కూడా తరుగుదల కట్టే ఈ లెక్కలో, తలుపు సొట్ట తీసిన మేస్త్రి కూలికి మాత్రం పైసా కూడా తగ్గించరు. ఇనుము అరుగుతుంది, చేతి పని అరగదు అన్నట్టు రాసి ఉంది. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ అరగని వస్తువు గురించే, ఎందుకంటే నేను చూస్తుండగా అన్నిటికంటే వేగంగా తరిగిపోతున్నది అదే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను ఆటోనగర్‌లో రేకు సొట్టలు తీసే ఒక టింకరింగ్ మేస్త్రి దగ్గరకు పంపారు. ఢీకొన్న ఫియట్ మడ్‌గార్డును ఆయన రెండు రోజుల్లో సరిచేసి, రంగు వేయకముందే నన్ను పిలిచి, కళ్లు మూసుకుని అరచేయి పెట్టి నిమరమన్నారు. నాకు అంతా నున్నగానే తగిలింది. ఆయన నా వేలు పట్టుకుని ఒక చోట ఆపి, "ఇక్కడ ఇంకా కొంచెం పొంగుంది బాబూ, రంగు పడితే నీడ వంకర పోతుంది" అన్నారు. ఆ మర్నాడే నేను జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకోవడం మొదలుపెట్టాను. రేకును కొట్టి సాపు చేసిన చోట అది టక్కున అంటుకుంటుంది, పుట్టీ మందంగా మెత్తిన చోట జారి కింద పడుతుంది. ఎన్నో బిల్లుల నిజానిజాలు నాకు ఆ అయస్కాంతమే చెప్పింది. ఆ మేస్త్రికి మాత్రం ఏనాడూ దాని అవసరం పడలేదు.

అదే షెడ్ల వరసలో అంబాసిడర్లు చూసే ఇంకో మేస్త్రి ఉండేవారు. అంబాసిడర్ పెట్రోలు ఇంజనుకు నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు గ్యాపు 25 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై అయిదు ఉండాలి. కొలిచే గేజి అరువు ఇస్తే తిరిగి రాదని ఆయన విరిగిన హాక్సా బ్లేడు ముక్కతో గ్యాపు చూసేవారు. అది మొరటు పని అని నేను లోలోపల నవ్వుకుని, ఒక రోజు మైక్రోమీటరు తెచ్చి ఆ బ్లేడును కొలిచాను. మందం సరిగ్గా 25 థౌ ఉంది. ఇంజనీరింగ్ డిప్లొమా పట్టా చేతికొచ్చి రెండేళ్లయిన నాకు ఆ సంగతి ఎవరూ చెప్పి ఉండలేదు.

బెజవాడకు ఈ చేతి పని ఎక్కడి నుంచో ఊడిపడలేదు. మద్రాసు, కలకత్తా దారీ, హైదరాబాదు, మచిలీపట్నం దారీ కలిసే ఊరు ఇది. లారీలు ఇక్కడ ఆగక తప్పదు, ఆగిన లారీకి మేస్త్రి కావాలి. టాటాలు 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్‌తో చేసుకున్న ఒప్పందం 1969 దాకా నడిచింది. మూడు కొమ్మల నక్షత్రం పెట్టుకున్న ఆ లారీల కంపెనీ ఉండటం వల్లనే బెంజి సర్కిల్‌కు ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. నాయకుల పేర్లతో కూడళ్లున్న రాష్ట్రంలో ఒక బండి పేరుతో కూడలి ఉన్న ఊరు మనది, ఆ మాత్రం గర్వం మనకు ఉండవచ్చు.

ఇక నా కారు సంగతి. మా నాన్నగారు గుంటూరులో అంబాసిడర్ టాక్సీ నడిపేవారు. ముందు సీటు బల్లలా ఒకటే కనుక, గేరు స్టీరింగు పక్కనే ఉంటుంది కనుక, డ్రైవరు పక్కన ముగ్గురు కూర్చునేవారు. నన్ను ఆ ముగ్గురి ఒళ్లో ఎక్కడో ఒకచోట సర్దేవారు. ఒక మే నెల మధ్యాహ్నం తాడేపల్లి దగ్గర బండి దగ్గి దగ్గి ఆగిపోయింది. ఆయన కంగారు పడలేదు. బానెట్ ఎత్తి, భుజం మీది తువ్వాలును కూజాలోని నీళ్లతో తడిపి పెట్రోలు పంపు చుట్టూ చుట్టి, వేపచెట్టు కిందికి వెళ్లి బీడీ ముట్టించారు. ఎండకూ ఇంజను వేడికీ పంపులోనూ గొట్టంలోనూ పెట్రోలు ఆవిరైతే, ద్రవాన్ని తోయవలసిన పంపు ఉత్త ఆవిరిని తోస్తూ ఉంటుంది, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బొరేటర్‌కు చుక్క కూడా అందదు. ఇదంతా నేను తరువాత చదువుకున్నాను. ఆయనకు తెలిసింది ఒక బీడీ కాలేంత సేపు తడిగుడ్డ ఉంచితే బండి కదులుతుందని. కదిలింది కూడా.

ఆ అంబాసిడర్‌ను 1997లో పాత ఇనుముకు, తూకం లెక్కన అమ్మేశాము. అప్పటికి నేను సర్వేయరును. దాని విలువ ఎంతో పట్టిక చూసి నాన్నగారికి నేనే లెక్క వేసి చెప్పాను. ఆయన కాగితం చూసి, "సరేలే" అన్నారు. ఆ తరువాత ఏడేళ్లకు, ఎవరూ అడగకుండానే, 1978 నాటి ప్రీమియర్ పద్మిని ఒకటి కొన్నాను. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కన గేరు. అది అంబాసిడర్ కాదని నాకూ తెలుసు. దొరికింది అదే.

పద్మినిని వింటేజి కింద రిజిస్టరు చేయించరాదా అని ఇక్కడ చాలామంది అడిగారు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని సొంత వాడకం బండికి, నంబరులో వీఏ అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. నా బండి 2028 దాకా ఆగాలి. ఆగినా నేను చేయించను. ఆ నంబరు తీసుకున్న బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు, పెట్రోలుకు తప్ప రోజువారీగా తిప్పకూడదు. నాకేమో సాయంత్రం పూట దానిలో గుంటూరు వెళ్లి బజ్జీలు తిని రావాలి. గాజుపెట్టెలో పెట్టిన కారు మీద నాకు మోజు లేదు, ఈ విషయంలో మీలో చాలామంది నాతో ఏకీభవించరని తెలిసే చెబుతున్నాను.

విడిభాగాలు దొరకవని మనం తరచు వాపోతూ ఉంటాము. నా అనుభవంలో అది సగం నిజం. కలకత్తా దగ్గరి ఉత్తరపారలో అంబాసిడర్ తయారీ 2014 దాకా సాగింది కనుక దాని సామాన్లు వెదికితే ఇంకా దొరుకుతాయి, దొరకని బుష్షును లేతు మీద తిప్పించుకోవచ్చు. కాని 2000 తరువాత కాలుష్య ప్రమాణాలు బిగిసి, కార్బొరేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చాక చేరిన కుర్రవాళ్లకు, ప్లగ్గుకు కరెంటు అందే వేళను చూసే పాయింట్లు సెట్ చేసే అవసరమే రాలేదు. స్కానర్ పెట్టి తప్పు ఎక్కడుందో చదవగలరు, అది చిన్న విద్య కాదు. అయితే మన బండ్లలో స్కానర్ తగిలించే చోటే లేదు. నాకు తెలిసిన వరసలో కార్బొరేటర్‌ను చెవితో సరిచేసే మేస్త్రులు ముగ్గురే మిగిలారు. ముగ్గురూ అరవై దాటినవారు, ముగ్గురి పిల్లలూ వేరే ఉద్యోగాల్లో ఉన్నారు. అలా ఉండటం తప్పని నేను అనను, మా అబ్బాయీ అంతే.

ఈ సభకు వచ్చిన విద్యార్థులు కలల ఉద్యోగం అంటే డిజైనరో, మధ్యప్రదేశ్ పీతంపూర్‌లోని 11.3 కిలోమీటర్ల ట్రాక్ మీద కొత్త కార్లను పరీక్షించే డ్రైవరో అనుకుంటారు. తప్పకుండా ప్రయత్నించండి. పెనుకొండలో కియా 2019 నుంచి కార్లు తయారు చేస్తోంది, మన మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల కర్మాగారం వచ్చింది. మా రోజుల్లో లేని తలుపులు ఇవి. ఆ పనుల్లో చేరేవారు కూడా చేరకముందు ఒక వేసవి పాత షెడ్డులో గడపాలని మాత్రం అడుగుతున్నాను. కూలి ఆ షెడ్డు మేస్త్రులు ఇవ్వలేరు, నేను ఇస్తాను. తరుగుదల కట్టకుండానే ఇస్తాను.

రెండో ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు, ఎండ ముదరకముందే, ఆ ముగ్గురు మేస్త్రుల్లో ఒకరు మా ఇంటి దగ్గర పద్మిని కార్బొరేటర్ విప్పుతారు. అయిదుగురికి చోటుంది. పానాలు ఆయన దగ్గర ఉంటాయి. పాత గుడ్డలు మాత్రం ఎవరివి వారు తెచ్చుకోవాలి.