రాత్రి రెండింటికి మెలకువ వస్తే ప్రార్థన ఎలా చేయాలి? ఫిలిప్పీ 4:6

అందరికీ వందనాలండి. టెన్షన్ ఎక్కువైనప్పుడు, గుండె దడదడలాడుతున్నప్పుడు, రాత్రి రెండింటికి మెలకువ వచ్చి మళ్లీ కన్ను మూతపడనప్పుడు ప్రార్థన ఎలా చేయాలి? చేయాలని మనందరికీ తెలుసు. ఎలా అన్న దగ్గరే ఆగిపోతాం. ఈ వీడియో ఆ ఎలా గురించే.

కావాల్సినవి మూడే. బైబిల్, నోట్‌బుక్, పెన్ను. ఫోన్‌లో యాప్ ఉంది కదా అంటారు. ఉంది, నేనూ వాడతాను, బస్సులో వెళ్లేటప్పుడు ఆడియో పెట్టుకుని వింటాను కూడా. కానీ రాత్రిపూట మాత్రం కాగితం బైబిలే. ఫోన్ చేతిలోకి తీసుకుంటే వాక్యం కంటే ముందు వాట్సాప్ కనబడుతుంది. అందుకని నేను ఫోన్ హాల్లోనే ఛార్జింగ్‌కి పెట్టేసి పడుకుంటాను. అలారానికి వంద రూపాయల గడియారం ఒకటి కొనుక్కున్నాను, అది చాలు.

సరే, ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, 4వ అధ్యాయం, 6వ వచనం. తీశారా? స్క్రీన్ మీద కూడా పెట్టాను. "దేనినిగూర్చియు చింతపడకుడి గాని ప్రతి విషయములోను ప్రార్థన విజ్ఞాపనములచేత కృతజ్ఞతాపూర్వకముగా మీ విన్నపములు దేవునికి తెలియజేయుడి." ఇది అపొస్తలుడైన పౌలు సంకెళ్లలో ఉండి రాశాడండి. మొదటి అధ్యాయంలోనే తన బంధకాల గురించి చెప్తాడు. బతుకుతానో చస్తానో తెలియని మనిషి రాసిన మాట ఇది. అందుకే నేను దీన్ని గట్టిగా పట్టుకుంటాను.

నోట్‌బుక్ తెరవండి. తేదీ వేయండి. కింద మీ భయం ఒక్క లైన్‌లో రాయండి. ఇదిగో, ఇలా. అయిపోయింది.

ఇప్పుడు దాన్ని దేవునికి చెప్పాలి. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, ఎందుకంటే నేను ఏళ్ల తరబడి ఆగిపోయింది ఇక్కడే.

మా అమ్మకి స్కాన్ తీయించాం. రిపోర్ట్ కవర్‌లో పెట్టి ఇచ్చారు. నేను ఇంటికి తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాను. రెండు రోజులు అది అక్కడే ఉంది. బ్రౌన్ కవరు, పైన అమ్మ పేరు, వయసు. పాలగిన్నె తీసినా కనబడుతుంది, నీళ్ల బాటిల్ తీసినా కనబడుతుంది. తెరవలేకపోయాను. ఆ రెండు రోజులూ ప్రార్థన మానలేదండి. మోకాళ్ల మీద నలభై నిమిషాలు. "పరిశుద్ధుడవైన తండ్రీ, మహోన్నతుడా, నీకు స్తోత్రములు" అని మొదలుపెట్టి, సంఘం కోసం, సేవకుల కోసం, దేశం కోసం, బంధువుల కోసం, అందరి కోసం చేశాను. లేచేసరికి కడుపులో అదే తిప్పుడు. ఎందుకంటే నలభై నిమిషాల్లో ఆ కవరు మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

రెండో రాత్రి వంటగదిలో నిలబడి, మోకాళ్లు కూడా వేయకుండా, "నాన్నా, ఆ కవరు తెరవాలంటే నాకు భయంగా ఉంది. అమ్మ లేకపోతే నేను బతకలేను" అన్నాను. అంతే. తర్వాత చాలాసేపు ఏడ్చాను. వెళ్లి పడుకున్నాను, నిద్ర పట్టింది. కవరు ఇంకా తెరవలేదు, గమనించండి. పొద్దున లేచి తెరిచాను.

మనకి ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, మన బైబిల్ గ్రంథిక భాషలో ఉంటుంది. గుడిలో పెద్దవాళ్లు ప్రార్థన చేసేదీ ఆ భాషలోనే. నాకు ఆ భాషంటే ప్రాణం. కానీ అమ్మతో మనం "విన్నవించుచున్నాము" అని మాట్లాడం కదా? స్క్రీన్ చూడండి. ఎడమ వైపు, "నా సమస్త చింతలనుండి నన్ను విడిపించుము." కుడి వైపు, "నాన్నా, పదో తారీఖుకి ఫీజు కట్టాలి. పన్నెండు వేలు తక్కువయ్యాయి. అన్నయ్యని అడగాలంటే మొహం చెల్లడం లేదు." ఎడమ వైపుది తప్పని నేను అనను. కానీ భయం దొరికింది కుడి వైపు ప్రార్థనలో.

దేవుడి ముందు అలా మాట్లాడొచ్చా అంటారేమో. 13వ కీర్తన తీయండి, ఆరే వచనాలు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" దావీదు ఎలా మొదలుపెట్టాడో చూశారా! పొగడ్తతో కాదు, సూటిగా గుండెలో ఉన్న మాటతో.

తర్వాతది కృతజ్ఞత. భయం కింద ఈ రోజు జరిగిన మంచి ఒక్కటి రాయండి. పెద్దది అక్కర్లేదు. నిన్న నేను "అమ్మ రెండు ఇడ్లీలు తింది" అని రాశాను.

ఇప్పుడు 7వ వచనం. అడిగింది వెంటనే దొరుకుతుందని అక్కడ లేదు. దేవుని సమాధానం, అంటే ఆయనిచ్చే శాంతి, మీ హృదయాలకూ తలంపులకూ "కావలి యుండును" అని ఉంది. మా తాతయ్య జొన్న చేలో మంచె మీద కావలి ఉండేవాడు. పిట్టలు రాకుండా ఉండవు, గుంపులుగా వస్తాయి. వాలనివ్వడు, అంతే. ఆ రాత్రి తర్వాత నాకు ఆందోళన రావడం ఆగిపోలేదు. వస్తుంది. ఇదివరకులా గంటల కొద్దీ వాలి కూర్చోదు.

మూడింటికి మళ్లీ మెలకువ వస్తే? మళ్లీ అదే చెప్పండి. ఒకసారి అప్పగించాక మళ్లీ అడిగితే అవిశ్వాసమేమో అని చాలామంది మథనపడతారు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసుప్రభువు అవే మాటలు మూడోసారి కూడా ప్రార్థన చేశాడు. మత్తయి 26:44. నా బైబిల్‌లో అక్కడ రిబ్బన్ పెట్టుకున్నాను, వెతుక్కోకుండా.

మాటలే రానప్పుడు నాకు ఒక చిన్న పద్ధతి ఉంది. ఊపిరి తీసుకుంటూ "యెహోవా నా కాపరి", వదులుతూ "నాకు లేమి కలుగదు." నెమ్మదిగా, నాతో పాటు. మళ్లీ. ఇంకోసారి.

ఇంకొకటి, ఇది దయచేసి వినండి. వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి సహించకపోయినా, చచ్చిపోవాలనిపించినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మందులు వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టు అని ఎవరైనా అంటే ఆ మాట తీసుకోకండి. పౌలు పక్కన ఉన్న లూకా వైద్యుడే. ఏలీయా ప్రవక్త ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవదూత ముందు రొట్టె పెట్టాడు, నీళ్లిచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. మొదటి రాజులు 19. మానసిక ఆరోగ్యం కోసం ఉన్న ఫోన్ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, స్క్రీన్ మీద ఉంచుతున్నాను. ప్రభుత్వానిది, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇప్పుడు నా పేజీలో ఈ రోజు తేదీ వేస్తున్నాను. వచ్చే బుధవారం అమ్మకి మళ్లీ చెకప్ ఉంది. అదే రాస్తున్నాను. మీరూ పెన్ను తీయండి. నేను కెమెరా ఆపేస్తాను, మీ లైన్ మీరు రాసుకోండి. వందనాలండి.