చలికాలంలో కోళ్ల గూడు బిగించి మూసేస్తున్నారా?

[దృశ్యం: తెల్లారగట్ల కొబ్బరి తోట, మంచు. గోనె సంచులు కట్టిన రేకుల గూడు.]

ధనుర్మాసం వస్తే చాలు, మన కోనసీమలో కోళ్లున్న ప్రతి పెరట్లోనూ ఒకటే హడావిడి. గోనె సంచులు, పాత పరదాలు తెచ్చి గూడు నాలుగు పక్కలా బిగించేస్తాం. చలికి వణుకుతాయేమోనని ప్రేమతో చేసే పనే. కానీ సంక్రాంతి దాటేలోపు గురక, ముక్కు కారడం పట్టుకునేది ఎక్కువగా ఇలా బిగించిన గూళ్లనే.

కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీలు. రాత్రి ఈకలు ఉబ్బించుకుని, కాళ్లు పొట్ట కింద ముడుచుకుని కూర్చుందంటే సొంత దుప్పటి కప్పుకున్నట్టే. కెనడా లాంటి చోట్ల సున్నాకి ఇరవై డిగ్రీలు దిగువన, పొయ్యి లేని షెడ్లలోనే కోళ్లు బతుకుతున్నాయి. అక్కడైనా కోడి తల మీది ఎర్ర జుట్టు కొసలు చలికి నల్లబడి చచ్చుబడడం తేమ నిండిన షెడ్లలోనే ఎక్కువ. మనవైపు చలి ఎంత ముదిరినా ఎదిగిన కోడికి అదో లెక్క కాదు. దాన్ని దెబ్బతీసేది చెమ్మ.

[దగ్గరగా: రేకు లోపలి వైపు నీటి బొట్లు.]

ఈ బొట్లు చూడండి. పైన కురిసిన మంచు కాదిది, రేకు లోపలి వైపు. రాత్రంతా కోళ్లు వదిలిన ఊపిరి, రెట్టలోంచి లేచిన తడి చల్లటి రేకుకి తగిలి ఇలా బొట్లు కట్టాయి. ఇవి మళ్లీ ఊక మీదే రాలతాయి. తడి ఊకలో రెట్ట మాగి అమ్మోనియా పుడుతుంది. నిలబడి చూస్తే మనకా ఘాటు తెలీదు. గొంతుక్కూర్చుని, కోడి తల ఎత్తులో ముఖం పెట్టి పీల్చండి. కళ్లు మండాయా, అయితే మీ కోళ్లు రాత్రంతా పీల్చేది అదే.

కాబట్టి కోళ్లు పడుకునే ఎత్తు వరకూ సంచి కట్టండి, ఈదర గాలి నేరుగా తగలకుండా. పైన, చూరు కింద జానెడు ఖాళీ వదిలేయండి. ఎండ రాగానే సంచులు ఎత్తేయాలి. ఊక గుప్పెడు తీసి పిసకండి. ముద్ద కట్టిందంటే తడి ఎక్కువైనట్టు. తిరగేసి, కాస్త పొడి సున్నం కలిపి, పైన కొత్త ఊక చల్లండి. మన మిల్లుల దగ్గర ఊకకి కరువా?

[దృశ్యం: బల్బు కింద కోడిపిల్లలు.]

పిల్లల సంగతి వేరు. వాటికి వేడి కావాల్సిందే. మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. ఇళ్లలో ఇప్పుడున్నవన్నీ ఎల్‌ఈడీ బల్బులు. వాటికి వెలుతురే గానీ పిల్లల్ని కాచేంత వేడి రాదు. పాతకాలపు పసుపు బల్బే వెతికి పెట్టండి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి: బల్బు కింద గుట్టగా పడితే చలి, దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి, ఒకే మూలకి చేరితే ఎక్కడినుంచో గాలి కొడుతోంది. బొగ్గుల కుంపటి మాత్రం మూసిన గదిలో పెట్టొద్దు. ఆ పొగలో ప్రాణం తీసే విషవాయువుంటుంది.

గుడ్లు తగ్గాయంటే చలి వల్లే అనుకోకండి. డిసెంబరులో మనకి పగలు పదకొండు గంటలే. పెట్టకి పద్నాలుగు గంటలైనా వెలుతురు ఉంటేనే బాగా పెడుతుంది.

మేత గురించి గట్టిగా చెప్పాలి. నవంబరు, డిసెంబరు తుపాన్లకి కళ్లంలో ధాన్యం తడుస్తుంది. రంగు మారి, బూజు పట్టి, మిల్లువాడు వద్దన్న గింజలు కోళ్లకి పోసేస్తాం. పారేయడానికి మనసొప్పదు, నిజమే. కానీ ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని పాడు చేస్తుంది. కోడికంటే బాతు ఇంకా త్వరగా పడిపోతుంది. అవి ఏ పక్షికీ వద్దు.

[దృశ్యం: కోసిన వరిచేలో బాతుల మంద.]

బాతులకి పగలు నీళ్లున్నా రాత్రి పడక పొడిగా ఉండాలి. అవి తమ చోటు తడి చేసేస్తాయి, అందుకే కోళ్లతో ఒకే గూట్లో వద్దు. గుడ్లు తెల్లారేసరికి పెడతాయి గనుక బాగా పొద్దెక్కాకే వదలండి, లేకపోతే గుడ్లు చేలోనే. గినీ కోడిపిల్లల్ని మంచు ఆరేదాకా గడ్డిలోకి పోనివ్వొద్దు, తడిస్తే దక్కవు.

కొక్కెర తెగులుకి టీకా ఇప్పుడే వేయించండి. పిల్లలకి మొదటి వారంలో లసోటా చుక్క, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ సూది. మందు ఐసులో పెట్టే తెచ్చుకోవాలి. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో బర్డ్ ఫ్లూ తేలిన సంగతి మనందరికీ తెలుసు. ఒక్కసారిగా కోళ్లు వరసగా చస్తే కోయకండి, అమ్మకండి, కాలవలో పడేయకండి. చేత్తో ముట్టకుండా వెంటనే పశువుల డాక్టరుగారికి ఫోన్ చేయండి.