నీళ్ల కింది విజయపురి: నాగార్జునకొండను వీఆర్‌లో చూపించాలంటే

నిర్వాహకురాలు: నమస్కారం. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధానిగా ఉన్న విజయపురి ఇప్పుడు సాగర్ జలాశయం అడుగున ఉంది. లాంచీ దిగి మనం చూసేది కొండ మీద తిరిగి కట్టిన కట్టడాలనే. ఆ లోయను వర్చువల్ రియాలిటీలో మళ్లీ చూపించడానికి మన దగ్గర ఆధారాలున్నాయా సార్?

పురావస్తు పరిశోధకుడు: చాలానే ఉన్నాయండి. ఆనకట్ట వస్తోందని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. కొలతలతో ప్లాన్లు, ఫొటోలు మిగిలాయి. కాకపోతే చాలావరకు పునాదుల ప్లాన్లే. అక్కడి పెద్ద స్తూపం, మహాచైత్యం, అడుగు బండి చక్రంలా ఉంటుంది. ఇటుక గోడలు ఆకుల్లా, వాటి మధ్య మట్టి. పైన అండం, అంటే గుమ్మటం, ఎంత ఎత్తుందో పునాది చెప్పదు. దానికి పలకల మీద చెక్కిన స్తూపాల బొమ్మలే దిక్కు. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన ఆయక వేదికలు, వేదికకు ఐదేసి స్తంభాలు వాటిలో స్పష్టంగా కనిపిస్తాయి. కానీ పలకలో చోటు చాలక శిల్పి స్తూపాన్ని కుదించి, నిలువుగా సాగదీస్తాడు. ఆ నిష్పత్తే మోడల్లో పెడితే పొరపాటే.

నిర్వాహకురాలు: మరి చూసేవాళ్లకు ఏది నిజమో, ఏది ఊహో ఎలా తెలుస్తుంది?

పురావస్తు పరిశోధకుడు: తవ్వకంలో దొరికింది అసలు రంగులో ఉండాలి. శిల్పాలను బట్టి కట్టింది బూడిద రంగులో, పూర్తిగా ఊహించింది ఉత్త గీతల్లో. చేతిలో బటన్ నొక్కగానే ఊహంతా తొలగిపోయి పునాదులు మిగలాలి. ఇందులో నేను రాజీపడను.

వీఆర్ డెవలపర్: మిగిలిన శిల్పాలను ఫొటోల నుంచే మోడల్ చేస్తాం. పల్నాటి సున్నపురాయి లేతపచ్చగా, నున్నగా ఉంటుంది. ఎండ పడితే మెరుస్తుంది. ఆ మెరుపు ఒక్కో ఫొటోలో ఒక్కో చోట ఉండేసరికి సాఫ్ట్‌వేర్ తికమకపడి లేని గుంటలు పుట్టిస్తుంది. అందుకే మబ్బు పట్టిన రోజు తీయాలి. పక్కపక్క ఫొటోల్లో 70–80 శాతం ఒకే భాగం పడాలి, మూడు ఎత్తుల్లో చుట్టూ తిరగాలి, కొలబద్ద పక్కనే ఉండాలి. ట్రైపాడ్‌కు, డ్రోన్‌కు ముందే అనుమతి తీసుకోవాలి. డ్యామ్ దగ్గర డ్రోన్ విషయంలో తొందర పనికిరాదు.

అలా వచ్చిన మోడల్ కళ్లకు పెట్టుకునే వీఆర్ హెడ్‌సెట్‌కు మోయలేనంత బరువు. దాన్ని బాగా తగ్గించి, సన్నని చెక్కడం వరకు మోడల్ మీద పరిచే బొమ్మలోనే ఉంచుతాం. సెకనుకు 72 ఫ్రేములు నిలకడగా రావాలి. తగ్గితే తల తిరుగుతుంది. అడుగు కదలకుండా దృశ్యం ముందుకు పోయినా అంతే. అందుకే నడకకు బదులు చోటు నుంచి చోటుకు గెంతించాలి.

పర్యాటక శిక్షకురాలు: ఒక్క లెక్క చెప్తాను. ఏడు నిమిషాల ప్రదర్శనకు, పెట్టడానికీ తుడవడానికీ మూడు కలిపితే మనిషికి పది నిమిషాలు. ఆరు హెడ్‌సెట్లుంటే గంటకు 36 మంది. లాంచీలో వందమంది దిగారనుకోండి, మిగతా 64 మంది వరుసలోనే కూర్చోవాలి. మ్యూజియం కూడా చూడలేరు. అందుకే కొండ మీద వద్దు, లాంచీ స్టేషన్లో టికెట్ తీసుకుని ఎదురుచూసే సమయంలో పెట్టండి.

వీఆర్ డెవలపర్: ఒప్పుకుంటాను. కరెంటు, నీడ అక్కడే దొరుకుతాయి. అసలు ప్రమాదం ఎండే. హెడ్‌సెట్‌ను లోపలి లెన్స్‌లు పైకి ఉండేలా బల్ల మీద వదిలితే, లెన్స్ గుండా ఎండ ఒకే చోట పడి కొద్దిసేపట్లోనే తెర కాలిపోతుంది. మచ్చ ఇక పోదు. లెన్స్‌ను పొడి మైక్రోఫైబర్ గుడ్డతోనే తుడవాలి, శానిటైజర్ తగలకూడదు. సిలికాన్ తొడుగుల్ని మాత్రం ప్రతి మనిషికీ శుభ్రం చేయాలి.

నిర్వాహకురాలు: ఈ పనులు చేసేది ఎవరు?

పర్యాటక శిక్షకురాలు: చుట్టుపక్కల ఊళ్ల, తండాల యువతే చేయాలి. టికెట్‌లో వాళ్ల వాటా ఎంతో పరికరాలు కొనకముందే కాగితం మీద రాసుకోవాలి. తర్వాత చూద్దాంలే అంటే వాళ్లు స్వీపర్లుగానే మిగులుతారు.

ఇంకో మాట. మీరిద్దరూ మూడో శతాబ్దం లోయ గురించే మాట్లాడుతున్నారు. మునిగిన లోయలో పుల్లారెడ్డిగూడెం కూడా ఉందండి. అక్కడ పదేళ్ల వయసులో ఆడుకున్నవాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటుంటాయి. వాళ్ల జ్ఞాపకాలను ఈ ఏడాదే రికార్డు చేయాలి.

పురావస్తు పరిశోధకుడు: నిజమే. తవ్వకాల ఫొటోల్లో వెనక కనిపించే గుడిసె ఎవరిదో, బాట ఎటు పోతుందో వాళ్లే చెప్పగలరు.

పర్యాటక శిక్షకురాలు: "మీ ఊరి గురించి చెప్పండి" అంటే రెండు మాటల్లో ఆగిపోతుంది. నేల మీద సుద్దముక్కతో కొండ, ఏరు గీసి "బావి ఎక్కడుండేది?" అని అడగండి. ఇంకో ఇద్దరు చేరి దిద్దుతారు. ఫ్యాన్ ఆపి, కాలర్ మైకు పెట్టండి. ఒప్పుకోలు పత్రం తెలుగులో, అవసరమైతే లంబాడీలో చదివి వినిపించాలి. ఎప్పుడైనా తీసేయమనే హక్కు అందులో ఉండాలి. వాళ్ల పల్నాటి యాసను స్టూడియోలో మరొకరితో మళ్లీ చదివించొద్దు.

పురావస్తు పరిశోధకుడు: శబ్దం గురించి నాదీ ఒక షరతు. జలాశయం ఒడ్డున అనుపులో తిరిగి కట్టిన ప్రాచీన రంగస్థలంలో చప్పట్ల ప్రతిధ్వని రికార్డు చేసి, అదే ప్రాచీన ధ్వని అని చెప్పొద్దు. అసలు చోటు వేరు, చుట్టూ ఉన్న నేల తీరూ వేరు.

నిర్వాహకురాలు: మొదటి ప్రదర్శన ఎక్కడ?

పర్యాటక శిక్షకురాలు: లోయ నుంచి లేచివచ్చిన వాళ్ల కాలనీలో. చేతులున్న కుర్చీ, పక్కన చెయ్యి పట్టుకునే మనిషి, మూడు నిమిషాలు చాలు. పెట్టుకోలేనివాళ్లకు అదే దృశ్యం టీవీ మీద. "బావి ఇటు కాదు, అటు" అని ఒక ముసలమ్మ అంటే రాసుకోవాలి. ఆ మార్పు చేయడానికి డెవలపర్‌కు మొదటి బడ్జెట్‌లోనే డబ్బు ఉంచాలి.