పడిపోయిన డేటాబేస్‌ను వెంటనే లేపకండి

అందరికీ నమస్కారం.

డేటాబేస్ సర్వర్ క్రాష్ అవగానే మన చెయ్యి ముందు రీస్టార్ట్ మీదికే పోతుంది. లేస్తుంది, అర నిమిషం నడుస్తుంది, మళ్లీ పడుతుంది. మళ్లీ లేపుతాం. డిస్క్ మీద డేటా చెడినప్పుడు, లేపిన ప్రతిసారీ రికవరీ, అంటే క్రాష్ తర్వాత డేటాను సరిచేసుకునే పని, అదే డిస్క్ మీద కొత్తగా రాస్తుంది. దక్కాల్సిన డేటా కూడా ఆ తొందరలో పోవచ్చు. ఆ భయంతోనే చెబుతున్నాను, ముందు ఎర్రర్ లాగ్, అంటే సర్వర్ తన తప్పులను నమోదు చేసే ఫైల్, చదవండి.

మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో డేటాను దాచే భాగమైన ఇన్నోడీబీ మామూలుగా డేటాను 16 కేబీ పేజీల్లో దాస్తుంది. ప్రతి పేజీకీ ఒక చెక్‌సమ్, అంటే అందులోని డేటా నుంచి లెక్కగట్టిన సరిచూపు అంకె, ఉంటుంది. పేజీని డిస్క్ నుంచి చదవగానే ఆ లెక్క సరిచూస్తుంది. కలవకపోతే, చాలా సందర్భాల్లో, కావాలనే సర్వర్‌ను ఆపేస్తుంది. తప్పుడు అంకెను నిజమని చూపించడం కంటే ఆగిపోవడమే నయం కదా! ఆ క్రాష్ మనకు మేలే చేసింది.

చెడిన పేజీ నంబరు లాగ్‌లోనే ఉంటుంది. రెండు మూడు క్రాష్‌ల లాగ్‌లు పక్కపక్కన పెట్టి చూడండి. ప్రతిసారీ అదే పేజీ అయితే, తప్పు డిస్క్ మీద రాతలోనే ఉంది. ఒక్కోసారి ఒక్కో పేజీ చెడిందంటూ, అదే పేజీ తర్వాత శుభ్రంగా చదవగలిగితే, డిస్క్‌ను తిట్టకండి. మెమరీని, డిస్క్‌ను నడిపే కంట్రోలర్‌ను అనుమానించండి. ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్ లాగ్‌లో ఐ/ఓ ఎర్రర్లు, అంటే చదవడం రాయడంలో వచ్చిన తప్పులు, వెతకండి. హార్డ్ డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో 197వ అంశం పెరుగుతుంటే సెక్టార్లు చదవడానికి రావడం లేదని అర్థం. 199 పెరుగుతుంటే చాలాసార్లు దోషం కేబుల్‌ది.

డిస్క్ బాగున్నా డేటా చెడవచ్చు. పేజీ సగం రాసేసరికి కరెంటు పోతే కాపాడేది డబుల్‌రైట్ బఫర్, అంటే పేజీని అసలు చోట రాసేముందు ఇన్నోడీబీ వేరే చోట రాసిపెట్టే కాపీ. వేగం కోసం దాన్ని ఆపేసినవాళ్లు ఈ గదిలో ఉంటే, దయచేసి ఈ రోజే మళ్లీ ఆన్ చేయండి. ఇక 2018లో పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ డెవలపర్లను కలవరపెట్టిన సంగతి ఒకటుంది. రాత విఫలమైతే లినక్స్ కెర్నెల్ ఎఫ్‌సింక్‌కు, అంటే డేటాను డిస్క్‌కు చేర్చమని అడిగే పిలుపుకు, ఒకసారి ఎర్రర్ ఇచ్చి, రెండోసారి అడిగితే అంతా సవ్యమే అనేది. డేటా మాత్రం డిస్క్‌కు చేరేది కాదు. అందుకే ఇప్పుడు పోస్ట్‌గ్రెస్ ఎఫ్‌సింక్ విఫలమైతే మళ్లీ ప్రయత్నించదు, అక్కడికక్కడే ఆగి, మార్పులను ముందే రాసిపెట్టుకున్న తన లాగ్ నుంచి రికవరీ చేసుకుంటుంది.

కారణం తేలినా తేలకపోయినా, సర్వర్ ఆపి డేటా డైరెక్టరీ మొత్తం వేరే డిస్క్ మీదికి కాపీ చేయండి. ఏ ప్రయోగమైనా ఆ కాపీ మీదే. డేటా చెడినా సర్వర్‌ను బలవంతంగా లేపే ఇన్నోడీబీ ఫోర్స్ రికవరీ సెట్టింగ్‌ను 1 నుంచి ఒక్కో మెట్టే ఎక్కించండి. 4, ఆపైన డేటాను శాశ్వతంగా చెడగొట్టగలవు. సర్వర్ నిలబడగానే టేబుళ్లను డంప్, అంటే డేటా మొత్తాన్ని ఫైల్‌గా ఎగుమతి, తీసుకోండి. ఆ డంప్‌ను కొత్త డిస్క్ మీద ఖాళీ సర్వర్‌లోకి ఎక్కించి, వరుసల లెక్క సరిచూశాకే పాత డిస్క్‌ను తీసేయండి.