సూర్యాస్తమయం పడమటికి, బుడగలు తూర్పుకి: శ్రీకాకుళం మీది అయనావరణాన్ని ముందే పసిగట్టడం

అందరికీ నమస్కారం.

రోవర్‌తో, అంటే ఉపగ్రహ సిగ్నళ్లు అందుకునే కదిలే జీపీఎస్ రిసీవరుతో, భూములు కొలిచే సర్వేయర్లు సభలో చాలామందే ఉన్నారు. స్థానం ఖాయంగా దొరికిన 'ఫిక్స్' ఉంటే కొలత రెండు మూడు సెంటీమీటర్లలో తేలుతుంది, ఖాయం కాని 'ఫ్లోట్'లోకి జారితే ఆ నమ్మకం పోతుంది. మార్చి-ఏప్రిల్, సెప్టెంబరు-అక్టోబరు నెలల్లో రాత్రి ఏడున్నర నుంచి అర్ధరాత్రి దాకా, చెట్టూ గోడా అడ్డం లేకపోయినా ఇలా జారిపోవచ్చు. దానికి కారణం 300-400 కిలోమీటర్ల ఎత్తున, విద్యుదావేశ కణాలుండే అయనావరణంలో ఉంది. ఆ అలజడిని డేటాతో నేర్పిన కంప్యూటర్ మోడల్ ముందే చెప్పేలా చేయడం ఎలాగో ఇవాళ మాట్లాడుకుందాం.

అయనావరణంలోని ఎలక్ట్రాన్లు సిగ్నల్‌ని ఆలస్యం చేస్తాయి. సిగ్నల్ దారిలోని మొత్తం ఎలక్ట్రాన్ల లెక్కే 'టెక్'. దాని ఒక యూనిట్‌కి జీపీఎస్ ఫ్రీక్వెన్సీల్లో ఎల్1 మీద 16 సెంటీమీటర్లు, ఎల్5 మీద 29 సెంటీమీటర్ల తేడా వస్తుంది. రెండు ఫ్రీక్వెన్సీల రిసీవరు దీన్ని దాదాపుగా తీసేస్తుంది. దానికి లొంగనిది సింటిలేషన్, అంటే సిగ్నల్ మిణుకు. సాయంత్రం పుట్టే ప్లాస్మా బుడగల (ఎలక్ట్రాన్లు బాగా తగ్గిన ప్రాంతాల) వల్ల సిగ్నల్ బలం, ఫేజ్ వేగంగా ఊగిపోయి రిసీవరు పట్టు తప్పుతుంది. మనం ముందే చెప్పాల్సింది దీని గురించే.

ఈ బుడగలు మనకు దక్షిణాన, శ్రీలంకకు తూర్పున ఉన్న సముద్రం మీద, అయస్కాంత మధ్యరేఖ దగ్గర పైకి లేస్తాయి. అక్కడ సుమారు 500 కిలోమీటర్లు దాటి ఎదిగితేనే అయస్కాంత రేఖల వెంట మన దాకా దిగుతాయి. అందుకే ఆ మధ్యరేఖకి దగ్గరున్న తిరునెల్వేలి వైపు కనిపించినవన్నీ ఇక్కడ కనిపించవు.

నా దృష్టిలో అసలు కీలకం ఇది. సూర్యాస్తమయం తూర్పు నుంచి పడమరకి నడుస్తుంది, శ్రీకాకుళంలో హైదరాబాదు కంటే ఇరవై నిమిషాలకు పైగా ముందే పొద్దుగూకుతుంది. బుడగలు మాత్రం పుట్టాక తూర్పుకి సెకనుకి వంద మీటర్లకు పైగా జరుగుతాయి. 120 మీటర్ల వేగమనుకుంటే హైదరాబాదు మీదిది మన మీదికి రావడానికి సుమారు 80 నిమిషాలు పడుతుంది. కాబట్టి తొలి గంటకి పడమటి డేటా అక్కరకి రాదు. అప్పటికి ఎఫ్10.7 (సూర్యుడి చురుకుదనపు సూచిక), కేపీ (భూఅయస్కాంత అలజడి సూచిక), ఏడాదిలో ఎన్నో రోజు, సాయంత్రం అయనావరణపు పైభాగమైన ఎఫ్ పొర ఎంత ఎత్తుకి లేచింది అన్నవే ఆధారం. ఆ తర్వాత పడమటి స్టేషన్ల ఆర్‌ఓటీఐ (టెక్ మార్పు వేగంలోని ఒడిదుడుకుల కొలత) బలమైన ఆధారం అవుతుంది. అందుకే ఒకే మోడల్‌తో సరిపెట్టకుండా తొలి గంటకి ఒకటి, ఆ తర్వాతకి ఒకటి, రెండు కట్టండి. ఈ స్థాయి డేటాకి ముందు డెసిషన్ ట్రీల (ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి తేల్చే మోడళ్ల) గుంపుతో మొదలుపెట్టండి, కాలక్రమాన్ని గుర్తుంచుకునే న్యూరల్ నెట్‌వర్క్ అయిన ఎల్‌ఎస్‌టీఎం తర్వాత చూడొచ్చు.

మోడల్‌కి నేర్పే 'అలజడి ఉంది/లేదు' అన్న లేబుల్ కోసం 30 సెకన్లకోసారి తీసిన డేటా చాలు. టెక్ మార్పు వేగాన్ని నిమిషానికి లెక్కగట్టి, అయిదు నిమిషాల ప్రామాణిక విచలనం (ఇదే ఆర్‌ఓటీఐ) నిమిషానికి 0.5 టెక్ యూనిట్లు దాటితే అలజడి అనుకోండి. క్షితిజం నుంచి 30 డిగ్రీల కంటే కిందున్న ఉపగ్రహాలను వదిలేయండి, అక్కడ భవనాల ప్రతిబింబాలు కలుస్తాయి.

ఎక్కువ పని చెడేది డేటా శుభ్రం చేసేటప్పుడు. రిసీవరు పట్టు తప్పినప్పుడు ఆ గడి ఖాళీగా మిగులుతుంది. ఖాళీలన్నీ తీసేస్తే అతి తీవ్రమైన బుడగలే మాయమవుతాయి. ఉపగ్రహం ఆకాశంలో ఉండీ డేటా రాలేదంటే దాన్ని విడిగా గుర్తించి ఉంచాలి. అలాగే వరసలను కలగాపులగం చేసి శిక్షణకీ పరీక్షకీ పంచితే ఒకే బుడగ రెండు వైపులా పడుతుంది, మార్కులు అబద్ధమవుతాయి. రాత్రుల వారీగా విడదీయండి. యూటీసీ తేదీ మన ఉదయం 5:30కి మారుతుంది కనుక దాంతో రాత్రి ముక్కలవదు. 2019-20 నాటి ప్రశాంత సూర్యుడి డేటా ఒక్కటే నేర్పితే 2024 లాంటి ఏడాదిలో మోడల్ తేలిపోతుంది.

మొత్తం కచ్చితత్వం చూసి సంతోషపడకండి. అలజడి గంటలు కొద్ది కాబట్టి 'ఏమీ జరగదు' అని ఎప్పుడూ చెప్పే మోడల్‌కీ మంచి మార్కులే వస్తాయి. వచ్చిన బుడగల్లో ఎన్నింటిని పట్టింది, ఎన్నిసార్లు ఊరికే హెచ్చరించింది అన్నవి విడివిడిగా చూడాలి. 'నిన్న ఇదే వేళకి వచ్చింది, ఇవాళా వస్తుంది' అనే సాదా అంచనాను ఓడించాకే దాన్ని సర్వేయర్ల చేతికి ఇవ్వండి.